పెరటి చెత్తకు ఏ పద్ధతి? వేడి కుప్ప, చల్ల కుప్ప, వానపాములు, పులిసే బకెట్, మాగిన ఆకు

ఒక రెండు వారాలు మీ పెరట్లోంచీ వంటింట్లోంచీ బయటికి పోయేదంతా రెండు గోనెసంచుల్లో విడివిడిగా వేసి చూడండి. ఒకదాంట్లో పచ్చివి: కూరగాయల తొక్కలు, పళ్ల తొక్కలు, కోసిన గడ్డి, పీకిన కలుపు, కాఫీ పిప్పి. రెండోదాంట్లో ఎండువి: రాలిన ఆకులు, సన్న పుల్లలు, అట్టముక్కలు, రంపపు పొట్టు. మీకు ఏ పద్ధతి కుదురుతుందో ఆ రెండు సంచులే చెప్పేస్తాయి. ఏ డబ్బా కొనాలి, దాంట్లో ఏ పొడి చల్లాలి అనేది ఆ తర్వాతి మాట.

చెత్తను ఎరువు చేసేది సూక్ష్మజీవులు. వాటికి శక్తి కోసం కర్బనం, ఒళ్లు కట్టుకోవడానికి నత్రజని కావాలి. బరువు లెక్కన 25 నుంచి 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే చకచకా పనిచేస్తాయి. కూరగాయల తొక్కల్లోనూ పచ్చిగడ్డిలోనూ ఈ నిష్పత్తి 15 నుంచి 20 దాకా ఉంటుంది, కాఫీ పిప్పిలో 20 దగ్గర. ఎండుటాకుల్లో చెట్టును బట్టి 40 నుంచి 80. అట్టలో 300 పైమాటే, రంపపు పొట్టులో అంతకంటే ఎక్కువ. అందుకే తొక్కలు ఒక్కటే వేస్తే కుళ్లి కంపు కొడతాయి, ఆకులు ఒక్కటే వేస్తే మాగడానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. తూకం లేకపోయినా గంపతో కొలుచుకోవచ్చు: ఒక గంప పచ్చిగడ్డికి రెండు గంపల వదులు ఎండుటాకులు, ఒక గంప వంటింటి తొక్కలకు మూడు. తొక్కల్లో నీళ్లెక్కువ కాబట్టి ఆ మూడో గంప చెమ్మ పీల్చడానికి.

పచ్చివి ఏడాది పొడుగునా రోజూ కాస్త కాస్త వస్తూనే ఉంటాయి. ఎండుటాకులు మాత్రం చెట్లు ఆకు రాల్చే ఆ కొద్ది వారాల్లోనే వస్తాయి. వాటిని ఊడ్చి తగలబెట్టేసి, ఆ తర్వాత పది నెలలు కంపోస్టు కంపు కొడుతోందని బాధపడటం ఎన్నో పెరళ్లలో జరిగేదే. ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, ఆకు రాలే కాలంలో నాలుగైదు గోనెసంచుల ఎండుటాకులు తడవని చోట దాచిపెట్టండి. ఈ ఒక్క పని చేస్తే సగం సమస్యలు రాకుండానే పోతాయి.

సంచులు చూసి తేల్చుకోవడం

రెండు సంచులూ త్వరగా నిండుతూ, ఒంట్లో ఓపిక ఉంటే వేడి కుప్ప. రెండూ నెమ్మదిగా నిండుతుంటే చల్ల కుప్ప. పెరడు చిన్నదై తొక్కలే ఎక్కువ వస్తుంటే వానపాముల తొట్టి, లేదంటే గుంట తవ్వి పూడ్చడం. వండినవీ మాంసం, పాల పదార్థాల మిగుళ్లూ కూడా వదిలించుకోవాలంటే పులిసే బకెట్. పెద్ద చెట్లుండి ఆకులే కుప్పలు తెప్పలుగా పడుతుంటే వాటిని మాగబెట్టాలి. ఇక పచ్చిక ఉన్నవాళ్లు కోసిన గడ్డిని అసలు ఎత్తనే అక్కర్లేదు, దాని సంగతి చివర్లో. వీటిలో రెండు మూడు కలిపి నడపడమే ఆచరణలో బాగుంటుంది: ఆకులకు ఒక జాలీ గూడు, తొక్కలకు ఒక తొట్టి.

వేడి కుప్ప

కలుపు విత్తనాలను, తెగులు పట్టిన మొక్కల్ని నమ్మకంగా చంపేది ఈ పద్ధతి ఒక్కటే. మిగతావాటికంటే ఇది ఎక్కువ అడుగుతుంది కూడా. పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకు తగ్గని కుప్ప ఒకేసారి వేయాలి. అంతకంటే చిన్నదైతే లోపల పుట్టిన వేడి పక్కల నుంచి జారిపోతుంది. ఒకటిన్నర మీటరు దాటితే లోపలికి గాలి ఆడదు.

అడుగున బెత్తెడు మందాన పుల్లలు పరచండి, గాలి కింద నుంచి పైకి లాగుతుంది. పైన వేసే సరుకంతా 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా ఉంటే మంచిది. పొరలు పొరలుగా పేర్చమని చాలాచోట్ల చెబుతారు. పొరలు కొలత కోసం పనికొస్తాయి గానీ, వేశాక పారతో కలిపేయాలి. కలపకపోతే గడ్డి పొర చాపలా అతుక్కుపోయి మధ్యలో కుళ్లుతుంది. నీళ్లు కలిపేటప్పుడే చల్లుకుంటూ పోవాలి. కుప్ప కట్టేశాక పైన బకెట్లు గుమ్మరిస్తే నీళ్లు పక్కల నుంచి కారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది.

చెమ్మ చూడటానికి చెయ్యే సాధనం. కుప్ప నడుమ నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిసి, పిడికిలి విప్పాక ముద్ద విడిపోకుండా నిలిచి, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలితే అది 50 నుంచి 60 శాతం తేమ. ధారగా కారితే ఎండుటాకులు కలపాలి. ముద్దే కట్టకపోతే నీళ్లు కావాలి.

అంతా సరిగా కుదిరితే ఒకటి నుంచి మూడు రోజుల్లో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పొడుగాటి కాడ ఉన్న థర్మామీటరు ఉంటే మేలు. లేకపోతే ఒక ఇనుప చువ్వ నడుమకు గుచ్చి పది నిమిషాలుంచి లాగండి, కొసను పట్టుకోలేనంతగా కాలితే సుమారుగా ఆ వేడి వచ్చినట్టే. ఏ భాగమైనా 55 డిగ్రీల్లో కనీసం మూడు రోజులు ఉండాలి. కుప్ప అంచులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కాబట్టి తిరగేసేటప్పుడు బయటి సరుకు లోపలికి, లోపలిది బయటికి వెళ్లాలి. ఊరికే పైన కెలికితే తిరగేసినట్టు కాదు. 65 దాటినా, 45 కంటే దిగినా తిరగేయండి. 70 దాటనిస్తే పనిచేసే జీవులే చచ్చిపోతాయి.

తిరగేసేటప్పుడు నడుమ భాగంలో బూడిద చల్లినట్టు తెల్లటి పూత కనిపిస్తుంది. చూసి బూజు అని భయపడతారు. అది ఆక్టినోమైసీట్స్ అనే బాక్టీరియా, వేడిలో పెరుగుతూ గట్టి పీచును అరగదీసేది అదే. వాన పడిన మట్టి వాసన కూడా ఈ జాతి బాక్టీరియా నుంచే వస్తుంది. కాకపోతే ఆ పూత దట్టంగా ఉందంటే అక్కడ చెమ్మ తగ్గిందని గుర్తు, తిరగేస్తూ నీళ్లు చల్లండి. పొడి కుప్పను తిరగేస్తే లేచే ధూళిలో ఊపిరితిత్తులకు మంచిది కాని బూజు బీజాలుంటాయి. తడిపి తిరగేయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో రూపుదిద్దుకున్న పద్ధతిలో మొదటి నాలుగు రోజులు వదిలేసి, తర్వాత రోజు విడిచి రోజు తిరగేస్తూ 18 రోజుల్లో ఎరువు చేస్తారు. చేయగలిగితే వస్తుంది. కానీ 18వ రోజున వచ్చింది ఇంకా పచ్చి ఎరువే. మరో నాలుగు నుంచి ఎనిమిది వారాలు కప్పి మాగనివ్వాలి. మాగని ఎరువు వేస్తే అది కుళ్లడం పూర్తి చేసుకోవడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, మొక్కలు పసుపెక్కుతాయి. అందులోని అమ్మోనియా, సేంద్రియ ఆమ్లాలు మొలకల్ని చంపుతాయి.

కుప్ప వేడెక్కకపోతే కారణం సాధారణంగా నాలుగింటిలో ఒకటి: చెమ్మ చాలకపోవడం, చిన్న పరిమాణం, పచ్చివి చాలకపోవడం, గాలి ఆడకపోవడం. ముక్కే దారి చూపిస్తుంది. అమ్మోనియా ఘాటు వస్తే పచ్చివి ఎక్కువయ్యాయి, నత్రజని గాల్లోకి పోతోంది, ఎండుటాకులు కలపండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందడం లేదు, విప్పి పుల్లలు కలిపి మళ్లీ కట్టండి. ఏ వాసనా రాక, చల్లగా, ఆకులు ఆకుల్లాగే ఉంటే పొడిగా ఉంది లేదా నత్రజని చాలలేదు. సున్నం చల్లకండి, అమ్మోనియాను ఇంకా తరిమేస్తుంది. కట్టె బూడిద కూడా అంతే, గుప్పెళ్లతో ఆపండి. ఇక కుళ్లబెట్టే పొడులంటూ అమ్మేవి అనవసరం. ఆకుల మీదా తొక్కల మీదా కావలసిన జీవులు ముందే ఉంటాయి. మీ పాత కంపోస్టు రెండు పారలు కలిపినా చాలు.

చల్ల కుప్ప

ఏ రోజుది ఆ రోజు వేసుకుంటూ పోవడమే, ఎరువు రావడానికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పడుతుంది. శ్రమ తక్కువ, నత్రజని నష్టమూ తక్కువ. వేడి లేకపోవడం వల్ల శిలీంధ్రాలు, జెర్రులు, రోకలిబండలు, వానపాములు అందులోనే కాపురం పెడతాయి, పెరటి నేలకు ఇది మంచిదే. గింజ కట్టిన కలుపు, వేళ్లతో పాకే గడ్డి, తెగులు మొక్కలు మాత్రం దీంట్లో వేయకూడదు. వేస్తే ఎరువుతో పాటు వాటిని పెరడంతా చల్లుకున్నట్టే.

ఒకే కుప్పకు ఎప్పటికీ వేస్తూనే ఉండటం ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. అలా వేస్తే అడుగున ఎరువు, పైన నిన్నటి తొక్కలు, ఎరువు తీయడానికి ఎప్పటికీ దారి దొరకదు. రెండు గూళ్లు కట్టండి. ఒకటి నిండగానే మూసి మాగనిచ్చి, రెండోదాంట్లో వేయడం మొదలుపెట్టండి. బకెట్ తొక్కలు వేసిన ప్రతిసారీ రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కప్పాలి, పక్కనే ఆకుల సంచి ఉంటే మర్చిపోరు. తొక్కలు బయటికి కనిపించకపోతే ఈగలు చాలావరకు రావు. చీమలు పుట్ట పెట్టాయంటే కుప్ప ఎండిపోయింది. ఎలుకల బెడద ఉంటే గూటి అడుగునా పక్కలా 6 మిల్లీమీటర్ల కన్నాల ఇనుప జాలీ వేయండి, అంతకంటే పెద్ద కన్నాల్లోంచి చుంచెలుకలు దూరతాయి. కుక్కలు, పిల్లుల మలం ఏ కుప్పలోనూ వేయకండి, మనుషులకు సోకే పరాన్నజీవుల గుడ్లు అందులో ఉంటాయి.

తిప్పే డ్రమ్ముల మాట. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, త్వరగా ఎరువు వస్తుందని చెప్పి అమ్ముతారు. 150, 200 లీటర్ల డ్రమ్ములో వేడి నిలవడానికి సరిపడా సరుకు పట్టదు, కాబట్టి అది నిజానికి చల్ల కుప్పే. నేలతో సంబంధం లేక వానపాములు రావు, నీరు దిగే దారి ఉండదు, తిప్పినకొద్దీ తడి సరుకు ఉండలు కడుతుంది. ఎలుకల బెడద తీవ్రంగా ఉండి, వేరే దారి లేనప్పుడు మాత్రమే తీసుకోండి. తొక్కలతో పాటు చింపిన అట్ట దండిగా వేయండి. మూడు వంతులు నిండాక కొత్తవి వేయడం ఆపేయాలి.

వానపాముల తొట్టి

తోట మట్టిలో బొరియలు చేసే వానపాములు దీనికి పనికిరావు. పైపొరలో కుళ్లే చెత్తలో బతికే జాతులు కావాలి: ఐసీనియా ఫెటిడా, ఐసీనియా ఆండ్రై, వెచ్చటి ప్రాంతాల్లో యూడ్రిలస్ యుజీనియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. ఐసీనియాకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి, 35 దాటితే చస్తాయి. యూడ్రిలస్ వేడికి ఓర్చుకుంటుంది గానీ చలికి తట్టుకోదు. తొట్టిని రోజంతా నీడ ఉండే చోట పెట్టాలి, ఇందులో రాజీ లేదు.

తొట్టికి లోతు కంటే వెడల్పు ముఖ్యం. లోతు 30 సెంటీమీటర్లు చాలు. ఒక చదరపు మీటరు తొట్టి వారానికి సుమారు 5 కిలోల తొక్కల్ని పట్టుకుంటుంది. అడుగున నీరు కారే కన్నాలు, దాని మీద చింపిన అట్టో మాగిన ఆకో జానెడు మందాన, పిండితే చుక్క రాలేంత తడిగా. గుప్పెడు ఇసుక మట్టి కలపండి, వానపాముకు పళ్లుండవు, ఇసుక రేణువులే దాని పేగులో తిరగలి.

రోజుకు ఒంటి బరువులో సగం తింటాయని లెక్క. అంటే అరకిలో వానపాములకు రోజుకు పావుకిలో. కానీ కొత్తగా పెట్టినప్పుడు అందులో సగంతోనే మొదలుపెట్టండి. తొట్టి పాడవడానికి మొదటి కారణం ఆకలి కాదు, అజీర్తి. తినలేనంత వేస్తే అది పులిసి వేడెక్కుతుంది, వానపాములు గోడలెక్కి పారిపోతాయి. తొక్కల్ని ఒక మూలన 3 సెంటీమీటర్ల మందాన పరచి అట్టముక్కలతో కప్పి, పోయినసారి వేసింది పోల్చుకోలేనంతగా అయ్యాకే పక్క మూలన వేయండి. ఉప్పు, కారం, నూనె తగిలినవి వద్దు. నిమ్మజాతి తొక్కలు, ఉల్లి కొద్దిగానే. చిన్న ఈగలు లేస్తే తొక్కలు పైకి తేలాయని అర్థం, ఇంకాస్త అట్ట కప్పండి.

మూడు నాలుగు నెలలకు నల్లటి రవ్వలాంటి ఎరువు వస్తుంది. ఒక పక్కనే తొక్కలు వేస్తూ పోతే రెండు మూడు వారాల్లో వానపాములు అటు తరలిపోతాయి, రెండో పక్క ఎరువు తీసుకోవచ్చు. ఇది గాఢమైనది, పరిమాణంలో తక్కువ. పెరడంతా పరచడానికి చాలదు. నారుమడికీ కుండీలకూ దాచుకోండి, కుండీ మట్టిలో పదిలో ఒకటి రెండు పాళ్లు కలిపితే సరిపోతుంది. తొట్టి అడుగున కారే నల్లటి నీళ్లు ఎరువును నానబెట్టి చేసే కషాయం కాదు, సగం కుళ్లిన రసం. తినే ఆకుల మీద పోయకండి. మిగిలిన వానపాముల్ని అడవుల్లో వదలకండి. ఉత్తర అమెరికా ఉత్తర అడవుల్లో బయటి నుంచి వచ్చిన వానపాములు నేల మీది ఆకు దుప్పటిని తినేసి, దాని కింద బతికే మొక్కల్ని దెబ్బతీశాయి.

పులిసే బకెట్

బొకాషి అనే ఈ పద్ధతిలో గాలి చొరని బకెట్‌లో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పట్టించిన తవుడు చల్లి మిగుళ్లను పులియబెడతారు. జపాన్‌లో 1980లలో ఉద్యాన శాస్త్ర ఆచార్యుడు తెరువో హిగా తయారుచేసిన సూక్ష్మజీవుల మిశ్రమంతో ఇది ఎక్కువగా వ్యాపించింది. వండినవి, మాంసం, చేపలు, పాల పదార్థాలు అన్నీ పడతాయి. 3, 4 సెంటీమీటర్ల మందం వేసిన ప్రతిసారీ గుప్పెడు తవుడు చల్లి, గాలి లేకుండా అదిమి, మూత బిగించాలి. అడుగున చేరే నీటిని రెండు మూడు రోజులకోసారి కుళాయి తిప్పి తీసేయాలి. బకెట్ నిండాక రెండు వారాలు కదపకుండా ఉంచాలి. పుల్లటి వాసన, పైన తెల్ల బూజు ఉంటే సరిగా ఉన్నట్టు. నల్లగానో పచ్చగానో బూజు పట్టి కుళ్లు వాసన వస్తే గాలి చొరబడింది, లేదా తవుడు చాలలేదు.

అయితే ఇక్కడితో ఎరువు తయారు కాలేదు. బయటికి తీసినప్పుడు తొక్కలు తొక్కల్లాగే కనిపిస్తాయి, ఊరాయంతే. వాటిని ఇంకా జానెడు లోతున మట్టిలో కలిపి పూడ్చాలి. పుల్లదనం వల్ల వేళ్లు మాడతాయి కాబట్టి రెండు వారాలు ఆ చోట ఏమీ నాటకండి. పూడ్చే నేలే లేనివాళ్లు పెద్ద డబ్బాలో పాత కుండీ మట్టి నింపి అందులో కలుపుకోవచ్చు. ఆ డబ్బా కూడా పెట్టలేనివాళ్లకు ఈ పద్ధతి సగంలో ఆగిపోయినట్టే.

గుంట తవ్వి పూడ్చడం

పరికరాలేవీ అక్కర్లేదు. 30 సెంటీమీటర్ల లోతు గుంటలో 10 సెంటీమీటర్ల మందాన తొక్కలు, వాటిని పారతో నరికి కాస్త మట్టి కలిపి, పైన 20 సెంటీమీటర్ల మట్టి. రెండు మూడు నెలల్లో కలిసిపోతుంది. మడుల మధ్య నడిచే దారిలో ఈ ఏడాది పూడ్చి, వచ్చే ఏడాది దాన్నే మడిగా చేసుకోవడం మంచి పద్ధతి. వాన నిలిచే బంకమట్టిలో మాత్రం చేయకండి, గాలి లేక నెలల తరబడి కుళ్లుతూ ఉంటుంది. లోతు తగ్గితే కుక్కలు తవ్విపోస్తాయి.

మాగిన ఆకు

మీటరు వెడల్పున గుండ్రంగా కట్టిన జాలీ గూట్లో తడిపిన ఆకులు నింపి వదిలేయడం. ఏడాది నుంచి రెండేళ్లు. ముందే ముక్కలు చేసి, అప్పుడప్పుడూ కలుపుతూ తడి ఆరనివ్వకపోతే ఏడాది లోపే వస్తుంది. మందంగా మైనం పూసినట్టుండే ఆకుల్ని ముక్కలు చేయక తప్పదు. చోటు లేకపోతే నల్ల ప్లాస్టిక్ సంచికి కన్నాలు పొడిచి అందులో తడిపిన ఆకులు నింపి మూలన పడేయండి.

ఇది బాక్టీరియా పని కంటే శిలీంధ్రాల పని. ఆరు నెలలయ్యాక గూట్లో చెయ్యి పెట్టి ఆకుల అట్ట ఒకటి విప్పి చూస్తే, ఆకుకూ ఆకుకూ మధ్య తెల్లటి దారాలు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తాయి. ఆకు ఈనెల మధ్య మెత్తటి భాగం కరిగి జల్లెడలా ఉంటుంది. పోషకాలు తక్కువే. కానీ నీరు పట్టి ఉంచడంలో దీనికి సాటి లేదు. ఇసుక నేలకు, నారుమడికి, నీడలో పెరిగే మొక్కలకు, కొత్తగా నాటిన చెట్ల పాదులకు ఇంతకంటే మంచిది దొరకదు. పోషకాల పట్టికలో అంకెలు చిన్నవని దీన్ని చులకన చేసేవాళ్లున్నారు, అది పొరపాటు.

ఎత్తకుండా వదిలేయడం

పచ్చిక కోసిన గడ్డిని అక్కడే వదిలితే, ఏడాదికి పచ్చికకు కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా దాని నుంచే తిరిగి వస్తుంది. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు, అప్పుడే ముక్కలు చిన్నవై రెండు మూడు రోజుల్లో కిందికి జారిపోతాయి. ఇలా వదిలితే పచ్చిక అడుగున పీచు పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఆ పీచు వేళ్ల నుంచీ పాకే కాడల నుంచీ వచ్చేది, కోసిన కొసలు చాలావరకు నీరే. పొడుగ్గా పెరిగిపోయిన గడ్డిని కోసినప్పుడు మాత్రం ఎత్తి మడుల్లో పరచండి, అదీ 2, 3 సెంటీమీటర్లకు మించకుండా. మందంగా వేస్తే జిగట చాపలా మారుతుంది.

చెట్టు కొమ్మలు తరిగిన చెక్కముక్కల్ని చెట్ల కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే చెమ్మ నిలుస్తుంది, కలుపు అణుగుతుంది. మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. మొదలుకు ఆనించి గుట్టలా పోస్తే బెరడు తడిసి కుళ్లుతుంది. ఆ ఖాళీ లేక నెమ్మదిగా చచ్చిన చెట్లు ఎన్నో. చెక్కముక్కలు నత్రజని లాక్కుంటాయన్న భయం మట్టిలో కలిపి తవ్వినప్పుడే నిజం. పైన పరిస్తే ఆ ప్రభావం పైపొర దాటదు.

ఏ నేలకు ఏది, ఎంత

లెక్క తేలిక: చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు మందం అంటే 10 లీటర్లు. పది చదరపు మీటర్ల మడికి సెంటీమీటరు పొర వేయాలంటే 100 లీటర్ల ఎరువు. కుప్ప మాగేసరికి సగం నుంచి మూడో వంతుకు దిగుతుంది కాబట్టి దానికి 200 నుంచి 300 లీటర్ల పచ్చి సరుకు కావాలి.

కొత్త కూరగాయల మడికి మొదటిసారి 5 సెంటీమీటర్లు వేసి పైపొరలో కలపండి. ఆ తర్వాత ఏటా ఒకటి రెండు సెంటీమీటర్లు పైన పరిస్తే చాలు, తవ్వనక్కర్లేదు. వానపాములే కిందికి తీసుకుపోతాయి. ఏటా తిరగదవ్వితే శిలీంధ్రాల దారాలు తెగి, మట్టి రేణువుల్ని అంటిపెట్టే జిగురు చెదురుతుంది. పచ్చిక మీద జల్లించిన ఎరువు అర సెంటీమీటరు, గడ్డి కొసలు పైకి కనిపించేలా. చెట్టు నాటేటప్పుడు గుంటలో ఎరువు నింపకండి. అది చివికి కుంగితే చెట్టూ కుంగుతుంది, వేళ్లు కూడా ఆ మెత్తటి గుంట దాటి బయటికి పోవు. తవ్విన మట్టినే పోసి, ఎరువు పైన పరచండి. కుండీల్లో మూడో వంతుకు మించకూడదు.

బంకమట్టికి కంపోస్టూ మాగిన ఆకూ పైన వేస్తూ ఓపిక పట్టడమే మందు. ఇసుక కలిపితే గుల్లబారుతుందని కలపకండి, చాలీచాలని ఇసుక బంకతో కలిస్తే ఇటుకలా బిగుస్తుంది. ఇసుక నేలలో, వెచ్చటి చోట ఎరువు త్వరగా కరిగిపోతుంది, ఒకేసారి ఎక్కువ కంటే కొద్దికొద్దిగా తరచుగా వేయండి.

సేంద్రియమే కదా, ఎంత వేస్తే అంత మంచిదనుకోవడం తప్పు. పేడ, ముఖ్యంగా కోళ్ల పెంట కలిసిన ఎరువులో మొక్కకు కావలసిన నత్రజనితో పోలిస్తే భాస్వరం ఎక్కువ. ఏళ్ల తరబడి మందంగా వేస్తే భాస్వరం పేరుకుంటుంది. అప్పుడు వేళ్లతో జట్టుకట్టి భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాల్ని మొక్క దూరం పెడుతుంది. వానకు కొట్టుకుపోయిన భాస్వరం చెరువుల్లో నాచు పెంచుతుంది. మూడు నాలుగేళ్లకోసారి మట్టి పరీక్ష చేయించి, భాస్వరం ఎక్కువని తేలితే పేడ ఎరువు ఆపి మాగిన ఆకుకు మారండి.

బయటి నుంచి తెచ్చిన గడ్డి, పేడ, కంపోస్టు వాడేముందు ఒక జాగ్రత్త. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి కలుపు మందులు పశువు కడుపులోంచి వచ్చినా, కుప్ప వేడికి ఉడికినా పూర్తిగా విరగవు. మూడు కుండీల్లో ఆ ఎరువు మామూలు మట్టితో సగం సగం కలిపి, మరో మూడింట్లో ఒట్టి మట్టి వేసి, అన్నింట్లో చిక్కుడు గింజలు పెట్టండి. మూడు నాలుగు వారాల్లో ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పల్లా ముడుచుకుని, కొసలు మెలికలు తిరిగితే ఆ ఎరువు కూరగాయల మడికి పనికిరాదు.

ఎరువు మాగిందో లేదో తెలియాలంటే తడిపిన గుప్పెడు ఎరువును సంచిలో గాలి పోకుండా కట్టి వారం ఉంచండి. విప్పినప్పుడు మట్టి వాసన వస్తే మాగింది, పులుపో అమ్మోనియానో కొడితే ఇంకా కావాలి. ఎరువును నీళ్లలో నానబెట్టి గాలి ఊది చల్లే కషాయం గురించి గొప్పగా చెబుతారు, ప్రయోగాల్లో ఫలితాలు ఒకలా రాలేదు. అదే ఎరువు నేల మీద పరిస్తే ఖాయంగా మేలు. ఉన్న కొద్ది ఎరువునూ నీళ్లలో కలపకండి.

నేలలో ప్రాణం పెరుగుతోందో లేదో చూడటానికి రెండు పరీక్షలు చాలు. అరచేయంత తెల్లటి నూలు గుడ్డ ముక్కలు రెండు తీసుకుని, ఒకటి ఎరువు వేసిన మడిలో, ఒకటి వేయని చోట జానెడు లోతున పాతి రెండు నెలల తర్వాత తీయండి. నూలు దాదాపు అంతా సెల్యులోజు, అంటే మొక్కల పీచు పదార్థం, కాబట్టి జీవులున్న చోట చిరుగులు పడి దారాలే మిగులుతాయి. రెండోది, నేల పైపొర నుంచి గోలీకాయంత మట్టిగడ్డ తీసి నీడలో ఆరబెట్టి, గాజు గ్లాసు నీళ్లలో జాలీ మీద మెల్లగా ఉంచండి. అయిదు నిమిషాలకూ గడ్డ నిలిచి, నీళ్లు తేటగా ఉంటే రేణువుల్ని జిగురు పట్టి ఉంచుతోంది. వెంటనే చెదిరి బురదైతే వానకు ఆ నేల పైన పెచ్చు కడుతుంది, నీరు లోపలికి దిగదు. రెండు పరీక్షలూ ఏటా అదే చోట, అదే కాలంలో చేయండి. గుడ్డ కుళ్లే వేగం వేడికీ చెమ్మకూ మారిపోతుంది కాబట్టి వానల్లో పాతినదాన్ని ఎండల్లో పాతినదానితో పోల్చలేం.